ధర పలికిన స్త్రీలు

(దోహా నగరంలోని ముషైరిబ్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ అమ్మ దోహాలో చాలాకాలం శుక్రవారాలు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని పద్యాలు చెప్పారు. తన పేరు బ్యానరు మీదా పుస్తకం మీదా వేయకూడదని బతికుండగానే మాట తీసుకున్నారట. నిర్వాహకులు ఆ మాట దాటలేదు, నేనూ దాటను. నాకిచ్చిన విషయం మాత్రం ఆవిడకు ఇష్టమైనదే: మన ప్రాచీన సాహిత్యంలో స్త్రీ.

ఇంత పెద్ద విషయాన్ని గంటలో చెప్పమంటే మనవాళ్ళకు రెండు దారులు అలవాటు. ఒకటి, సీత, సావిత్రి, అనసూయ, దమయంతి అని పతివ్రతల పట్టిక చదివి దణ్ణం పెట్టి దిగిపోవడం. రెండోది, ప్రబంధ నాయికల జడ, నడుము, నడక వర్ణనలు ఏకరువు పెట్టి, అయ్యో మన కవులు ఇంతేనా అని నొచ్చుకోవడం. రెండూ విని విని ఉన్నాం. ఈరోజు మూడో దారి పడతాను. ఆ దారి ఈ పేటలోనే దొరికింది.

సూక్ వాకిఫ్‌కు ఇవతల, అమీరీ దివాన్ వెనక ఉన్న ఈ ముషైరిబ్‌ను మీలో పాతవాళ్ళు ఇరుకు సందులూ చవక గదులూ ఉన్న రోజుల నుంచి ఎరుగుదురు. కొత్తవాళ్ళకు ఇది మూడు మెట్రో లైన్లు కలిసే స్టేషను, ట్రాము, నీడ పడేలా కట్టిన తెల్లటి వీధులు. ఆ కొత్త కట్టడాల మధ్య నాలుగు పాత ఇళ్ళను నిలబెట్టి 2015లో మ్యూజియంలు చేశారు. వాటిలో ఒకటి బిన్ జల్మూద్ ఇల్లు. ఒకప్పుడు బానిసల వర్తకుడి ఇల్లు. ఇప్పుడు అందులో హిందూ మహాసముద్రం చుట్టూ సాగిన బానిస వ్యాపారం చరిత్ర చూపిస్తారు: తూర్పు ఆఫ్రికా తీరం నుంచి తెచ్చిన మనుషులు, ముత్యాల పడవల్లో మునిగినవాళ్ళు, ఇళ్ళలో చాకిరీ చేసిన ఆడవాళ్ళు. ఖతర్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. యజమానులకు ప్రభుత్వమే పరిహారం కట్టి విడిపించింది. అప్పటికి ఇక్కడ చెలామణిలో ఉన్నది మన రూపాయే. ఒక దేశం తన రాజధాని నడిబొడ్డున, పాలకుడి కార్యాలయానికి కూతవేటు దూరంలో, మేమూ మనుషుల్ని కొన్నాం అని చెప్పే ఇంటిని పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. చూడనివాళ్ళు పిల్లలను తీసుకెళ్ళి చూపించండి.

ఆ ఇంట్లో గోడల మీది రాతలు చదువుతుంటే నా మనసు మన పుస్తకాల వైపు పోయింది. మన కావ్యాల్లో, నాటకాల్లో ధర కట్టిన ఆడవాళ్ళు ఎంతమంది? పందెంలో ఒడ్డిన ఆడది, అంగట్లో నిలబెట్టిన ఆడది, గుర్రాలకు బదులిచ్చిన ఆడది, ముసలివాడికి రొక్కానికి కట్టబెట్టిన పిల్ల. లెక్కపెడితే సంత నిండుతుంది. సీతంతటి సీతను కూడా వాల్మీకి రామాయణంలో జనకుడు ‘వీర్యశుల్క’ అంటాడు. విల్లెక్కుపెట్టగల బలమే ఆమెకు కట్టిన శుల్కం.

కాబట్టి నా కొలత ఇది. ఒక కవి ఆడదాన్ని ఎంత అందంగా వర్ణించాడన్నది పక్కన పెడదాం. ఎంత పతివ్రతగా నిలిపాడన్నదీ పక్కన పెడదాం. ఆమెకు ధర కట్టిన క్షణంలో ఆ కవి ఆమె నోట ఏం పలికించాడు? ఆ మాటకు బదులు చెప్పింది ఎవరు? ఈ రెండే చూద్దాం.

ముందు ద్రౌపది. సభాపర్వం నన్నయ తెలుగు చేసిన రెండున్నర పర్వాల్లోదే కాబట్టి, తెలుగు సాహిత్యం తొలి రోజుల్లోనే ఈ సన్నివేశం మన చేతికొచ్చింది. ధర్మరాజు తమ్ముళ్ళను ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, ఆఖరికి ఆమెను ఒడ్డాడు. దాసిగా లోపలికి రమ్మని ప్రాతికామి కబురు తెచ్చాడు. ఆమె ఏడవలేదు, శపించలేదు. వెళ్ళి ఒక సంగతి కనుక్కురమ్మంది: రాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా?

ఇది కన్నీటి మాట కాదు, వకీలు వేసే ప్రశ్న. తాను ముందే ఓడి దాసుడైపోయినవాడికి సొంతమంటూ ఏం మిగిలింది? ఏమీ మిగలనివాడు ఇంకొకరిని ఎలా ఒడ్డుతాడు? దాస్యం అనే ఏర్పాటు మొత్తం ఆ ప్రశ్నకు గడగడలాడుతుంది. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. ద్రోణుడు, కృపుడు నోరు విప్పలేదు. అప్పుడు సూటిగా బదులు చెప్పినవాడు ఒక్కడే, అతను కౌరవుల్లోనే కుర్రవాడు వికర్ణుడు: ఆమె దాసి కాదన్నాడు. కర్ణుడు అతని నోరు మూయించాడు. సభ తీర్పు చెప్పకముందే దుశ్శాసనుడు లేచాడు.

ఇక మన సంగతి. వస్త్రాపహరణం ఘట్టాన్ని సినిమాలో, వీధి నాటకంలో, హరికథలో ఎన్ని వందలసార్లు చూశాం? చీర పెరుగుతుంటే చప్పట్లు కొడతాం. కృష్ణుడు చెయ్యెత్తగానే హాలు దద్దరిల్లుతుంది. ప్రశ్న మాత్రం ఆ చప్పట్లలో కొట్టుకుపోతుంది. దేవుడు చీర ఇచ్చాడు సరే, తీర్పు ఎవరిచ్చారు? భారతంలో ఎవరూ ఇవ్వలేదు. అపశకునాలకు భయపడి ధృతరాష్ట్రుడు వరం కోరుకోమన్నాడు. ఆమె మొదటి వరంగా ధర్మరాజు దాస్యం తొలగాలని కోరింది. అందుకు చెప్పిన కారణం చూడండి: తన కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసుడి కొడుకని పిలవకూడదు. రెండో వరంగా మిగతా భర్తల్నీ వాళ్ళ ఆయుధాల్నీ విడిపించింది. మూడోది వద్దంది. బానిసత్వం తల్లి నుంచి, తండ్రి నుంచి బిడ్డకు దిగుతుందని ఆమెకు తెలుసు. బిన్ జల్మూద్ ఇంట్లో ఉన్న కథల్లో సగం అదే.

మీ పిల్లలకు ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలోని రాయబారం పద్యాలు నోటికి వచ్చుంటాయి. మంచిదే, నాకూ వచ్చు, రాగం తీయమంటే తీస్తాను. కానీ ఆ పద్యాలు పాడే పిల్లవాణ్ణి ద్రౌపది ఏమని అడిగిందిరా అని అడిగి చూడండి.

రెండో ఆమె హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి. తెలుగునాట ఆమెను ఎరగని పల్లె లేదు. పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో పాడాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్రీయం’ ఆడని ఊరుండేది కాదు. తెల్లవార్లూ సాగే నాటకంలో కాటిసీను కోసం చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న జనాన్ని నేనెరుగుదును. ఆ సీనులో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ అయిపోయింది. అసలు నాటకంలో అవి లేవని చెబితే పక్కవాడు కొట్టేలా చూసేవాడు. 1965లో సినిమా వచ్చింది, రామారావు గారు, ఎస్. వరలక్ష్మి గారు.

కాటిసీనుకు ముందు వారణాసి సీనుంది. మనం అక్కడ ఆగుదాం. ఇచ్చిన మాట కోసం విశ్వామిత్రుడికి సొమ్ము కట్టాలి. ఆయన శిష్యుడు నక్షత్రకుడు వసూలుకు పీక మీద కూర్చున్నాడు. హరిశ్చంద్రుడు కాశీ వీధిలో భార్యను నిలబెట్టి అమ్మకానికి కేక పెడతాడు. ఆ కేక ఒక పద్యం. రాగం తీసి పాడే గొప్ప పద్యం. అందులో ఏముంటుంది? భర్త మాట దాటని విధేయత, పుట్టింటి పరువు, మెట్టినింటి గౌరవం, ఓర్పు, శీలం. ఒక్కొక్కటే వివరంగా చెబుతాడు. సరుకు మంచిదని చెప్పుకోకపోతే బేరం ఎలా కుదురుతుంది?

అక్కడ నిలబడి ఒక్కసారి ఆలోచించాలి. మనం ఇంట్లో ఆడపిల్లకు నేర్పే సుగుణాల పట్టిక, అంగట్లో ఆమెను అమ్మేవాడు చదివే పట్టిక అచ్చుగుద్దినట్టు ఒకటే. బలిజేపల్లి వారు ఇది చెప్పాలని రాశారని నేననను. ఆయన హరిశ్చంద్రుడి వేదన చెప్పాలనుకున్నారు, చెప్పారు, జనం ఏడ్చారు. కానీ నాటకం ఆయన ఉద్దేశించినదాని కంటే పెద్ద నిజాన్ని బయటపెట్టింది. కొనేవాడికి పనికొచ్చే గుణాలన్నీ మనం పాతివ్రత్యం అన్న ఒక్క మూటలో కట్టాం. కాలకౌశికుడు ఆ మూట చూసే కొన్నాడు.

మరి చంద్రమతి ఏమంది? మార్కండేయ పురాణంలోకి వెళితే ఇంకా విస్తుపోతాం. అక్కడ ఆమె పేరు శైబ్య. నన్ను అమ్మి బాకీ తీర్చమని భర్తతో ముందుగా అనేది ఆమే. భార్య ఎందుకు? సంతానం కోసం. కొడుకు పుట్టాడు, ఇక నా పని అయిపోయింది, అమ్మెయ్యి. ఇంత భయంకరమైన తర్కాన్ని పురాణకర్త ఆమె నోట పెట్టాడు. అది విని భర్త మూర్ఛపోతాడు. తర్వాత లేచి అమ్ముతాడు.

ఈ పద్ధతి ఒక్కచోటే కాదు. వ్యాసభారతం ఉద్యోగపర్వంలో మాధవి కథ ఉంది, ఎక్కువమంది ఎరగరు. గాలవుడికి గురుదక్షిణగా ఒక చెవి నల్లగా, ఒళ్ళంతా తెల్లగా ఉన్న 800 గుర్రాలు కావాలి. యయాతి దగ్గర గుర్రాలు లేవు, కూతురుంది. ఆమెను ఇచ్చేశాడు. ముగ్గురు రాజులు తలా 200 గుర్రాలిచ్చి తలా ఒక కొడుకును కన్నారు. తక్కువపడ్డ 200 గుర్రాలకు బదులు గురువు విశ్వామిత్రుడే ఆమెను తీసుకుని ఇంకో కొడుకును కన్నాడు. ఈ ఏర్పాటుకు దారి చూపింది కూడా మాధవే! కాన్పు అయిన ప్రతిసారీ మళ్ళీ కన్యనవుతానని నాకు వరముంది, కాబట్టి నన్ను ఒకరి తర్వాత ఒకరికి ఇమ్మని ఆమే గాలవుడికి చెబుతుంది. చంద్రమతి నోటా అమ్మమనే మాటే, మాధవి నోటా ఇమ్మనే మాటే. అమ్మేవాడికి పాపం అంటకుండా ఉండాలంటే అమ్ముడుపోయేవాళ్ళ చేత సరే అనిపించాలి. ఈ కిటుకు కవులకంటే ముందు వర్తకులకు తెలుసు. ఇప్పటికీ ఎన్నో కాగితాల కింద వేలిముద్ర వేయించేది ఇందుకే. అంతా అయ్యాక తండ్రి ఆమెకు స్వయంవరం చాటించాడు. వచ్చిన రాజులందరినీ దాటుకుంటూ వెళ్ళి ఆమె అడవిని వరించింది. అంతవరకూ ఆమె సొంతంగా చేసిన పని అదొక్కటే, దానికి ఆమె ఒక్క మాట కూడా ఖర్చు పెట్టలేదు.

ఇప్పుడు మీరు కాస్త నవ్వుకునే చోటికి వస్తాను. మగవాణ్ణి ఆడది అమ్మితే ఏమవుతుంది? సత్యభామ అమ్మింది. అమ్మడం కాదులెండి, దానమిచ్చింది. పారిజాతాపహరణంలో నంది తిమ్మన ఆమెకిచ్చిన రోషం మన సాహిత్యంలో ఇంకే ఆడదానికీ దక్కలేదు. కాళ్ళ మీద పడ్డ జగన్నాథుడి తలను ఎడమకాలితో తోసిన ఘట్టం ఐదు వందల ఏళ్ళుగా పండితుల్ని ఆనందపెడుతూనే ఉంది, ఇబ్బంది పెడుతూనే ఉంది. కృష్ణదేవరాయలకూ దేవేరికీ వచ్చిన అలక తీర్చడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడని ఒక కట్టుకథ కూడా అల్లుకున్నారు. ఆ తన్ను కేవలం కవి ఊహ అంటే మనకు నిద్రపట్టదు కాబోలు! ఆ కావ్యం చివర పుణ్యక వ్రతముంది. సత్య భర్తను నారదుడికి దానమిచ్చి, వెల ఇచ్చి విడిపించుకుంటుంది.

ఆ వ్రతాన్ని పట్టుకుని ముత్తరాజు సుబ్బారావు గారు ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం కట్టారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకునేవారని చెప్పుకునేవాళ్ళు. 1966 సినిమాలో జమున గారు ఆ వేషానికి మరో పేరు అక్కర్లేకుండా చేశారు. అందులో నారదుడు కృష్ణుణ్ణి వీధిలో వేలానికి పెడతాడు. సత్య నగలన్నీ తక్కెడలో పోస్తుంది, పళ్ళెం కదలదు. రుక్మిణి ఒక్క తులసిదళం వేస్తుంది. హాలు హాయిగా నవ్వుతుంది, సత్య గర్వం అణిగిందని సంతోషిస్తుంది.

రెండు నాటకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ వీధి ఉంది, వేలం ఉంది, జీవిత భాగస్వామికి ధర ఉంది. మొగుడు పెళ్ళాన్ని అమ్మితే అది సత్యపరీక్ష, చూసేవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు, చివర దేవతలు పూలు చల్లుతారు. పెళ్ళాం మొగుణ్ణి ఇచ్చేస్తే అది హాస్యం, చివర ఆమె తలవంచుకోవాలి. హరిశ్చంద్రుడికి సత్యం దక్కింది, సత్యభామకు బుద్ధొచ్చింది. మనం రెండు నాటకాలకూ టిక్కెట్టు కొని వెళ్ళాం. ఒక్కసారైనా ఈ తేడా మనకెందుకు తట్టలేదన్నదే నన్ను ఆశ్చర్యపరిచే సంగతి. ఆ ఆడవేషాలు కట్టినవాళ్ళు కూడా చాలాకాలం మగవాళ్ళే కావడం దీనికి కొంత కారణమేమో.

ఈ తేడాను పసిగట్టినవాడు నాకు తెలిసి ఒక్కడున్నాడు, విజయనగరంలో. గురజాడ అప్పారావు గారు. 1892లో ఆడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరగరాసిన కన్యాశుల్కం నాటకంలో ధర పలికిన పెళ్ళికూతురు ఆడపిల్లే కాదు! ముసలి వరుడు లుబ్ధావధాన్లకు కరటక శాస్త్రి అమ్మిన ‘సుబ్బి’ చీర కట్టిన శిష్యుడు మహేశం. జనం ఎందుకు నవ్వుతారు? మగపిల్లవాణ్ణి పుస్తె కట్టి కొనుక్కున్నాడని. నవ్వుతూ నవ్వుతూ ఉండగా, మరి ఆడపిల్లను అలా కొన్నప్పుడు ఎందుకు నవ్వలేదన్న ప్రశ్న తగులుతుంది. మనుషుల అమ్మకం మీద మన సాహిత్యంలో ఇంత తెలివిగా ఉరి పన్నినవాడు ఇంకొకడు లేడని నా తీర్పు.

ఆయన పీఠికలోని లెక్కలు మీకు చెప్పి తీరాలి. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల కన్యాశుల్కపు పెళ్ళిళ్ళకు మూడేళ్ళ జాబితా తీయించారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి చాలామంది ఇష్టపడరు కాబట్టి అది నిండు జాబితా కాదు. అయినా 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. ఐదేళ్ళకు పెళ్ళయినవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళకు 44, మూడేళ్ళకు 36, రెండేళ్ళకు ఆరుగురు, ఏడాదికి ముగ్గురు. ఆ ఏడాది పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న పిల్లకు కూడా బేరం కుదిరిన సందర్భాలున్నాయని ఆయన రాశారు. హాస్య నాటకానికి పెట్టిన పీఠిక ఇది.

ఆ నాటకంలోనే మధురవాణి ఉంది. వేశ్య. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆమెకు ధర కట్టినవాళ్ళే, కానీ ఆమె తన ధర తానే చెబుతుంది, లెక్క తానే రాసుకుంటుంది. చివరి అంకంలో మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికెళ్ళి, లుబ్ధావధాన్లను కాపాడే రహస్యం చెప్పడానికి ఫీజుగా ఒక ముద్దు అడుగుతుంది. వేశ్య మొహం చూడనని వ్రతం పట్టిన పెద్దమనిషి నలిగిపోయి ఆఖరికి ఒప్పుకుంటాడు. అప్పుడు వద్దంటుంది ఆమె. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందట. రావాల్సిన బాకీని వదులుకోగల హక్కు ఉన్నవాళ్ళే నిజమైన యజమానులు. మొత్తం తెలుగు సాహిత్యంలో తన వెలను తానే రద్దు చేసుకున్న ఆడది ఆమె ఒక్కతే. నాయిక అని ఎవరినైనా పిలవాలంటే నేను ఆమెనే పిలుస్తాను. మా పాత మాష్టార్లు కొందరు ఈ మాటకు ఒప్పుకోరు, వాళ్ళకు దూరం నుంచే నమస్కారం.

ఇంతవరకూ మగవాళ్ళు రాసినవి. ఆడవాళ్ళు కలం పట్టినప్పుడు ఏమైంది? తాళ్ళపాక తిమ్మక్క, మొల్ల, రంగాజమ్మ, తరిగొండ వెంగమాంబ, పేర్లు చాలానే ఉన్నాయి. సమయం చాలదు కాబట్టి ఒకామె దగ్గరే ఆగుతాను. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ముద్దుపళని, పద్దెనిమిదో శతాబ్దంలో ‘రాధికా సాంత్వనము’ రాసింది. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది, చేసి ఈర్ష్యతో కుమిలిపోతుంది, కృష్ణుడు వచ్చి బతిమాలాలి. అమ్మడం, కొనడం ఏమీ లేని కావ్యమిది. ఇక్కడ ఆడది ఇచ్చేదీ కోరేదీ తన ఇష్టంతోనే.

దీనికి వచ్చిన గొడవ తెలిసిందే. కందుకూరి వీరేశలింగం గారు ఆంధ్ర కవుల చరిత్రలో ఈ కావ్యంలోని కొన్ని చోట్లు స్త్రీ వినరానివనీ, స్త్రీ నోట రారానివనీ తప్పుపట్టారు. వితంతువులకు పెళ్ళిళ్ళు చేసిన మహానుభావుడు, ఆయన మీద నాకున్న గౌరవం తగ్గదు. కానీ ఇక్కడ ఆయన పొరపడ్డారు. బెంగళూరు నాగరత్నమ్మ గారు 1910లో వావిళ్ళ వారి చేత, పాత ముద్రణలో ఎత్తేసినవి చేర్చి, పుస్తకం వేయించారు. పీఠికలో నిలదీశారు: సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు లేదా? అంతకంటే పచ్చిగా ఉన్న వైజయంతీ విలాసాన్ని మెచ్చుకున్నవారు దీన్ని ఎలా తప్పుపడతారు? మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాల మీద పడింది. నిషేధం మూడు దశాబ్దాలకు పైగా సాగి, టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు తొలగింది. వావిళ్ళ వారి తిరుగు ముద్రణ 1952లో వచ్చింది. ఆ ఏడాదే నాగరత్నమ్మ గారు పోయారు. ఆ ఏడాదే, ఇందాక చెప్పాను, ఇక్కడ బానిసల విడుదల ప్రకటన వచ్చింది. కాకతాళీయమే, దానికి అర్థాలు తీయను.

పుస్తకాలకు ఎక్కని సాహిత్యం ఇంకొకటి ఉంది, దాన్ని మరిచిపోతే తప్పవుతుంది. మన అమ్మమ్మలు దంచుతూ, విసురుతూ, ఊయల ఊపుతూ పాడుకున్న రామాయణం పాటలు. వెల్చేరు నారాయణరావు గారు వాటి మీద రాశాక ప్రపంచం వాటి వైపు చూసింది. ‘ఊర్మిళాదేవి నిద్ర’ తీసుకోండి. పద్నాలుగేళ్ళు నిద్రలో ఉన్న ఊర్మిళ మంచం దగ్గరికి లక్ష్మణుడు వస్తాడు. ఆమె కళ్ళు తెరవకుండానే, ఎవరయ్యా నువ్వు, పరాయి ఆడదాని గదిలోకి ఎలా వచ్చావు, మా వాళ్ళు వింటే నీ గతేమిటి అని నిలదీస్తుంది. పరస్త్రీల జోలికెళ్ళి ఇంద్రుడూ రావణుడూ ఏమయ్యారో గుర్తుచేస్తుంది. లక్ష్మణుడు సంజాయిషీ చెప్పుకోవాలి, తానెవరో రుజువు చేసుకోవాలి.

నా రెండో కొలత గుర్తుందా, బదులు చెప్పింది ఎవరు? సభాపర్వంలో మహారథులకు చేతకాని పని ఈ పాటలో జరిగింది. ఆడది అడిగింది, మగవాడు బదులు చెప్పాడు. ఈ పాటలు పాడినవాళ్ళూ వాళ్ళే, విన్నవాళ్ళూ వాళ్ళే, మధ్యలో రాజాస్థానం లేదు కాబట్టి ఇది వీలైంది. తర్వాతి కాలంలో రంగనాయకమ్మ గారి రామాయణ విషవృక్షం మీద ఎంత దుమారం రేగిందో, ఓల్గా గారి ‘విముక్త’లో సీత, శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎలా మాట్లాడుకున్నారో మీలో చాలామంది చదివే ఉంటారు. 2015లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అదేదో పడమటి గాలి అని కొట్టిపారేసేవాళ్ళకు ఒకటే చెబుతాను. మీ అమ్మమ్మ పాడిన ఊర్మిళ పాట విని ఉంటే ఈ మాట అనరు.

ఇక ఈ సభలో చెప్పక తప్పని సంగతి. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వేలమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి గల్ఫ్ దేశాలకు వస్తున్నారు. ఇంటిపనికిచ్చే ఖద్దామా వీసా అంటే మన పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలుసు. జీతానికి పనిచేయడం బానిసత్వం కాదు, రెంటినీ ఒకటనడం బిన్ జల్మూద్ ఇంట్లో ఉన్న కథలను తక్కువ చేయడమే. ఖతర్‌లో ఇంటిపనివారికి 2017లో 15వ నంబరు చట్టం వచ్చింది: రోజుకు పది గంటలకు మించని పని, వారానికో రోజు సెలవు, ఏడాదికి మూడు వారాల సెలవు. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం వాళ్ళకూ వర్తిస్తుంది. మన ప్రభుత్వం ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఈ పనికి పంపకూడదంటుంది. చట్టాలున్నాయి. ఉన్నాయని ఆ ఆడవాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పేవాళ్ళే తక్కువ.

ఊళ్ళో ఏజెంటు ఫోనులో మాట్లాడేటప్పుడు వినండి. ఎంత వయసు, వంట వచ్చా, పిల్లలను చూసుకుంటుందా, ఎదురు చెప్పదు కదా, నెమ్మదస్తురాలేనా? కాశీ వీధిలో హరిశ్చంద్రుడు పాడిన పద్యమే, రాగం ఒక్కటి లేదు. తేడా ఏమిటంటే ఈ చంద్రమతులు సొంతంగా సంపాదిస్తున్నారు, ఇళ్ళు కట్టిస్తున్నారు, కూతుళ్ళను చదివిస్తున్నారు, మొగుళ్ళ అప్పులు తీరుస్తున్నారు. మన సాహిత్యంలో వాళ్ళ మాట ఇంకా పెద్దగా రాలేదు. వలస మీద మనకు కథలున్నాయి, పాటలున్నాయి. ఎక్కువగా మగవాడి వలస, లేదా ఊళ్ళో ఎదురుచూసే ఇల్లాలు. ఎగిరొచ్చిన ఇల్లాలి కథ ఆమె నోట చాలా అరుదు. వాళ్ళు నెలనెలా ఇంటికి పంపే వాయిస్ మెసేజుల్లో ఎన్ని ద్రౌపది ప్రశ్నలున్నాయో ఎవరైనా విన్నారా?

అందుకని ఈ సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. శుక్రవారం పద్యాల తరగతి ఆగకుండా నడపండి, కానీ రాయబారం నేర్పిన రోజే ద్రౌపది ప్రశ్న కూడా నేర్పండి, దానికి ఏం బదులివ్వాలో పిల్లలనే వాదించుకోనివ్వండి. రెండోది, వచ్చే ఏడాది ఈ స్మారకోపన్యాసానికి నాలాంటి పండితులను టిక్కెట్టిచ్చి పిలిపించే ముందు, ఇక్కడే ఏదో ఇంట్లో పనిచేస్తున్న ఒక తెలుగు తల్లికి ఆ పూట సెలవు ఇప్పించి, కారు పంపించి, ఈ మైకు ముందు నిలబెట్టండి. ఆమె పేరు చెప్పమనకండి. ఆమె చెప్పినంతసేపూ వినండి, విన్నది ఆమె అనుమతితో అచ్చు వేయండి. నా ఉపన్యాసం ఆ పుస్తకంలో అనుబంధంగా ఉంటే చాలు.